రుద్రమ్మ కళ్ళు, సత్తెమ్మ నిమ్మకాయలు

మా మధురానగర్ సందు మొదట్లో నిలబడి రాజనర్సయ్య హారన్ కొడితే, అమీర్‌పేట స్టేషన్‌లోకి వస్తున్న మెట్రో రైలు ఒక్క క్షణం ఆగి, ఎవరో పిలిచారనుకుని కిందికి తొంగి చూసి, మళ్ళీ కదులుతుంది. నమ్మకపోతే మీ ఇష్టం. మా బాల్కనీలోంచి నేను కళ్ళారా చూశాను. కళ్ళద్దాలు లేకపోతే నాకు ఎదురింటి గేటే కనపడదని మా ఆవిడ సీతామహాలక్ష్మి అంటుంది. ఆవిడ మాటలు పట్టించుకుంటే ఈ కథ ముందుకు నడవదు.

ఆ హారన్ ఉన్న బండి పేరు రుద్రమ్మ. పాత పికప్ ట్రక్కు. కొన్నప్పుడు తెల్లగా ఉండేదని రాజనర్సయ్య చెబుతాడు. నేను చూసేటప్పటికే ఇరానీ చాయ్ రంగుకు వచ్చింది. వెనక తలుపు మీద ‘రుద్రమ్మ’ అని పెద్దక్షరాలతో, దాని కింద ‘జర దూరం’ అని చిన్నక్షరాలతో రాసి ఉంటుంది. ఆ చిన్నక్షరాలు చదవాలంటే బాగా దగ్గరికి రావాలి. దగ్గరికి వచ్చినవాళ్ళ మీద రాజనర్సయ్యకు మహా కోపం.

రాజనర్సయ్య తాతలు సేద్యం చేశారు. తండ్రి ఫ్యాక్టరీ పనికని పట్నం వచ్చాడు. ఈయనకు నాగలీ అందలేదు, ఫ్యాక్టరీ సైరనూ నచ్చలేదు, స్టీరింగు పట్టుకున్నాడు. పని హాస్టళ్ళ సామాను మోయడం. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి దిగే ప్రతి పిల్లా, పిల్లవాడూ ఒక పరుపు, ఒక బకెట్టు, ఒక సూట్‌కేసుతో దిగుతారు. దిగిన కొన్నాళ్ళకే హాస్టల్ మారతారు. సాంబారులో ముక్క లేదని ఒకడు, ఉన్న ముక్క ఏమిటో తెలియడం లేదని ఇంకొకడు. ఎస్.ఆర్. నగర్ నుంచి మధురానగర్‌కు, మధురానగర్ నుంచి మళ్ళీ ఎస్.ఆర్. నగర్‌కు ఆ పరుపులు తిరుగుతూనే ఉంటాయి. పరుపు చుట్టిన తీరు చూసి ఏ జిల్లావాడో రాజనర్సయ్య చెప్పేస్తాడు. ఒకసారి పరుపు వాసన చూసి ఆ కుర్రాడు ఏ సబ్జెక్టులో తప్పాడో కూడా చెప్పాడు. ఆ కుర్రాడు అక్కడే ఏడ్చేశాడు.

అంత ఘనుడికి ఒకటే గుణం. ఒక్కరి మాట వినడు, అందరి మాటా వింటాడు. కాలిలో ముల్లు గుచ్చుకుంటే డాక్టరునీ, మంగలినీ, మెట్రో స్టేషన్ కింద మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెనీ అడిగి, ముగ్గురు చెప్పిన మూడూ చేసి, ఆ తర్వాత నన్ను అడుగుతాడు. నేను నాలుగోది చెబుతాను.

అలాంటివాడి బండికి లైట్ల జబ్బు వచ్చింది.

మొదటిసారి మైత్రీవనం చౌరస్తాలో, పొద్దు గుంకే వేళ వచ్చింది. వెనక నిండా పరుపులు. రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. రాజనర్సయ్య స్విచ్చు నొక్కాడు, కొట్టాడు, బతిమాలాడు. వెలగలేదు. ముందు స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరి పడగానే రెండూ భగ్గున వెలిగాయి. బల్బు పోతే ఒకటి పోవాలి. రెండూ మాట్లాడుకున్నట్టు కలిసి పోవడం, కలిసి రావడం ఏమిటో ఆయనకు అర్థం కాలేదు.

అప్పటినుంచి రుద్రమ్మ కళ్ళు తన ఇష్టం వచ్చినప్పుడు మూసేది, ఇష్టం వచ్చినప్పుడు తెరిచేది. చీకటి పడ్డాక కావాలంటే వెలిగేవి కావు. ఆయన విసిగిపోయి స్విచ్చు అలాగే వదిలేస్తే, మర్నాడు మిట్టమధ్యాహ్నం గుంతలో పడి వెలిగేవి. మన ఊళ్ళో పగలు ఎవరి బండికైనా లైటు వెలుగుతుంటే ఎదురొచ్చే ప్రతివాడూ పిడికిలి మూసి తెరుస్తూ సైగ చేస్తాడు గదా, ఆ సైగ కనపడగానే రాజనర్సయ్య ప్రాణం లేచి వచ్చేది. రోడ్డు మధ్యలో బండి ఆపి, ఉరికి ముందుకొచ్చి చూసేవాడు. ఆయన దిగే కుదుపుకు అవి ఆరిపోయి ఉండేవి. వెనక బళ్ళవాళ్ళు తిట్టే తిట్లు మాత్రం వెలుగుతూ ఉండేవి.

రాజనర్సయ్య భార్య సత్తెమ్మ పొట్టి మనిషి. మాట మాత్రం పొడుగు. బండి జబ్బు ఏమిటో ఆమె వంటింట్లోంచి బయటికి రాకుండానే తేల్చేసింది.

"దిష్టి తాకింది. శ్రీనగర్ కాలనీల సినిమాల పనిజేసే సారు సోఫా దించినవ్ జూడు, గా దినం ఏమన్నడు గాయన?"

"ఏమన్నడే? ‘ఈ బండి ఇంకా నడుస్తోందా’ అన్నడు."

"అగో! గదే! గంత మాట అన్నంక కండ్లు పోకుంటే ఏమైతది?"

రుద్రమ్మ ముందు బంపరు కింద నిమ్మకాయ, మిరపకాయలు కొన్న రోజునుంచీ వేలాడుతూనే ఉన్నాయి. ప్రతి శనివారం పొద్దున్నే సత్తెమ్మ కొత్తవి కట్టాకే బండి కదలాలి. మొదట్లో దారానికి గుచ్చేది. దారాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని, పక్క అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు మేస్త్రీని అడిగి ఇనుప చువ్వలు కట్టే సన్న తీగ ఒక చుట్ట తెచ్చుకుంది. ఆ తీగకు గుచ్చి, బంపరు వెనక నంబరు ప్లేటు పైన ఉన్న చిన్న ఇనుప మొలకు నాలుగు మెలికలు తిప్పి కట్టేది. జబ్బు వచ్చాక ఒక నిమ్మకాయ కాస్తా ఒక దండ అయింది.

చిత్రమేమిటంటే, అది పనిచేసింది. కొత్త దండ కట్టిన రోజు లైట్లు పెళ్ళివారి పందిట్లో వెలిగినట్టు వెలిగేవి. ఆది, సోమ బాగానే ఉండేవి. వారం మధ్యలో నిమ్మకాయలు వాడిపోయేకొద్దీ కళ్ళు కొట్టుకునేవి. గురువారం వచ్చేసరికి చీకటి.

"చూసినవా? నిమ్మకాయల రసం ఉన్నంతసేపే దీపం," అనేది సత్తెమ్మ.

ఇది విని నేను ఊరుకుంటానా? నేను కాన్వెంటులో చదివినవాడిని. మా సిస్టర్ ఫిలొమినా కరెంటు పాఠం చెప్పేటప్పుడు బెత్తం పట్టుకుని చెప్పేది. ఆ పాఠం నా అరచేతిలో ఇప్పటికీ ఉంది.

"ఏంటయ్యా రాజనర్సయ్యా ఈ మూఢత్వం," అన్నాను. "కరెంటు చుట్టం లాంటిది. వచ్చిన చుట్టం తిరిగి వెళ్ళాలి. వెళ్ళే దారి మూసుకుపోతే దీపం వెలగదు. ఆ దారి ఎక్కడ తెగిందో చూడు."

"ఎక్కడ తెగింది సార్?"

"స్విచ్చులో," అన్నాను. స్విచ్చు నా చేతికి దగ్గరగా ఉంది కాబట్టి.

రాజనర్సయ్య స్విచ్చు మార్చాడు. మార్చింది శనివారం. లైట్లు వెలిగాయి. సందులో నా గౌరవం ఆకాశాన్ని అంటింది. గురువారం దాకా అక్కడే ఉంది.

ఆ తర్వాత పంజాగుట్టలో కనకయ్య దగ్గరికి వెళ్ళాం. కనకయ్యది బళ్ళకు కరెంటు పని. ఒక మేడ మెట్ల కింద దుకాణం. నిలబడితే తల మెట్టుకు తగులుతుంది కనుక నలభై ఏళ్ళకే మనిషి కొద్దిగా ముందుకు వంగిపోయాడు. పక్కనున్న ఫ్లైఓవర్ మీద వెళ్ళే లారీ చప్పుడు విని, అందులో ఏ తీగ వదులుగా ఉందో చెబుతానంటాడు. లారీ ఆగదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

అయితే సత్తెమ్మకు ఒక పట్టింపు ఉంది. బండి మెకానిక్కు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత దండతో వెళ్ళకూడదు.

"దవాఖానకు పోయేటప్పుడు మనం మాసిన చీర కట్టుకొని పోతమా?" అని వెంటనే కొత్తది గుచ్చి కట్టేది.

దాంతో కనకయ్య ముందు నిలబడగానే రుద్రమ్మ రెండు కళ్ళూ తెరిచి, ఏమీ ఎరగనట్టు చూసేది.

"అన్నా, మంచిగనే వెలుగుతున్నయ్ గదనే," అన్నాడు కనకయ్య.

"ఇప్పుడు వెలుగుతయ్ తమ్మీ. ఇంటికి పోయినంక గుర్రుమంటయ్."

"అయితే నా దుకాణంలనే ఉంచుకోవే బండిని."

అయినా పాపం వెతికాడు. బల్బులు మార్చాడు. ఫ్యూజులు మార్చాడు. బానెట్ లేపి తీగలన్నీ లాగి చూశాడు. లైట్ల వెనక వేళ్ళు పెట్టి తడిమాడు. బండి చుట్టూ పాకాడు. ఒక్క చోట మాత్రం చెయ్యి పెట్టలేదు. నిమ్మకాయల దండ వేలాడే చోట. ఇంకొకరి బండికి కట్టిన దిష్టికాయను ఈ ఊళ్ళో ఏ మెకానిక్కూ ముట్టడు. ముట్టుకుంటే ఆ దిష్టి వాడి ఇంటికి నడిచి వెళ్తుంది. తీగ తగిలితే షాక్ కొడుతుందని తెలిసీ చెయ్యి పెట్టే కనకయ్య, మిరపకాయ కొస తగులుతుందేమోనని మోచేతులు దగ్గరికి లాక్కున్నాడు.

నేను మాత్రం ఎందుకు ముట్టుకోలేదని మీరు అడగవచ్చు. నాకు ఆరోజు నడుం వంగలేదు.

ఇదంతా నవ్వుకుంటూ పోవలసిన వ్యవహారమే గాని, రుద్రమ్మకు ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడింది. వయసు మీరిన బండి. పరీక్షలో గట్టెక్కితే ఇంకొన్నాళ్ళు రోడ్డు మీద తిరుగుతుంది. గట్టెక్కకపోతే తుక్కుకే. రాజనర్సయ్య కొడుకు దినేశ్ అందుకోసమే ఎదురుచూస్తున్నాడు. వాడు ఉద్యోగం చేస్తూ కొత్త అపార్ట్‌మెంటులో ఉంటాడు. తండ్రి ఈ వయసులో పరుపులు మోయడం వాడికి నచ్చదు. తుక్కు కొనేవాడితో ముందే మాట్లాడి పెట్టాడు. తమ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌కు తోడుగా తండ్రి కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా కొన్నాడు.

ఆ కుర్చీ ఫొటో ఫోన్‌లో చూసిన రోజు రాజనర్సయ్య అన్నం తినలేదు.

"చేతులున్న కుర్చీ సార్," అన్నాడు నాతో, ఉరికంబం గురించి చెబుతున్నట్టు. "మెత్త సుత ఏసిండు."

మొదటిసారి పరీక్షకు గాభరాలో సత్తెమ్మకు చెప్పకుండా వెళ్ళాడు. వెళ్ళింది గురువారం. ఇన్‌స్పెక్టర్ స్విచ్చు వెయ్యమన్నాడు. రుద్రమ్మ కళ్ళు తెరవలేదు. మళ్ళీ రావడానికి గడువిచ్చి, ఈసారి కూడా వెలగకపోతే బండి ఇక రోడ్డెక్కదని చెప్పి పంపించాడు.

"నాకు జెప్పకుండ పోతివి, అనుభవించు," అంది సత్తెమ్మ. అంటూనే సంచి తీసుకుని కూరగాయల బజారుకు బయల్దేరింది.

రెండోసారి పరీక్షకు రుద్రమ్మ వెళ్ళిన వైభవం మా సందు ఇప్పటికీ చెప్పుకుంటుంది. బంపరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమ్మకాయల తోరణం. మధ్యలో మిరపకాయల జడ. ఆ జడకు కింద, అదే ఇనుప మొలనుంచి అదే తీగతో వేలాడుతూ, ఒక బూడిద గుమ్మడికాయ. నా తల కంటే కాస్త చిన్నది. ఎస్.ఆర్. నగర్ మలుపులో హాస్టల్ పిల్లలు చూసి, "తాతా, కూరగాయల బండా? కిలో ఎంత?" అని అడిగారు. రాజనర్సయ్య హారన్ కొట్టాడు. వాళ్ళలో ఇద్దరు నేర్చుకున్న కోర్సు మరిచిపోయారు.

క్యాబిన్‌లో రాజనర్సయ్య, సత్తెమ్మ, అవసరానికి ఉంటాడని కనకయ్య. వెనక ఎవరో వదిలేసిపోయిన పరుపు మీద నేను. నన్నెవరూ రమ్మనలేదు. చదువుకున్నవాడు ఒకడు పక్కన ఉండడం మంచిదని నేనే వెళ్ళాను.

పరీక్షల మైదానంలో లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు బారులు తీరి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ పేరు ప్రమోద్. కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా. మా వంతు వచ్చింది. స్విచ్చు వెయ్యమన్నాడు. లైట్లు వెలిగాయి. అబ్బ, ఆ వెలుగు! ఎదుట ఉన్న స్కూలు బస్సు పసుపు రంగు కాస్త వెలిసిపోయింది. రాజనర్సయ్య స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ లైట్లను చూడలేదు. వాటి కింద చూశాడు.

"ఇదేంది పెద్దమనిషీ?"

"దిష్టికాయ సార్."

"నంబరు ప్లేటేది?"

"దాని ఎనకనే ఉన్నది సార్. మంచిగున్నది."

"మంచిగుంటే కనబడాలె గదా. తీయుండ్రి ఇదంత."

రాజనర్సయ్య రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "సార్, కట్టినోళ్ళే తియ్యాలె సార్. నేను ముట్టొద్దు."

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న హోంగార్డు వైపు చూశాడు. హోంగార్డు రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, నాకు చిన్న పిల్లలున్నరు సార్."

ఇన్‌స్పెక్టర్ కనకయ్య వైపు చూశాడు. కనకయ్య ఆకాశం వైపు చూశాడు. చివరికి ఇన్‌స్పెక్టరే విసురుగా ముందుకొచ్చి, గుమ్మడికాయ దగ్గరకు చెయ్యి తీసుకెళ్ళాడు. ఆ చెయ్యి గాలిలో ఆగింది. ఈమధ్యే కొత్త కారు కొన్నాడట, తర్వాత తెలిసింది. ఆ చేత్తోనే జేబులోంచి ఫోన్ తీసి, మోగని ఫోన్‌లో "హలో" అన్నాడు.

అప్పుడు క్యాబిన్ తలుపు తెరుచుకుంది. సత్తెమ్మ దిగింది.

"నేను తీస్త సారూ. గనీ దీపాలు ఆరిపోతే నన్ననొద్దు."

"అమ్మా, దీపాలు స్విచ్చుతోని వెలుగుతయ్. నిమ్మకాయలతోని గాదు."

"గట్లనా? చూడుండ్రి మరి."

ఆమె వంగి మెలికలు విప్పింది. గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తుకుంది. మెలిక ఊడిన క్షణంలో రెండు లైట్లూ టపీమని ఆరిపోయాయి.

వరసలో ఉన్న లారీ డ్రైవర్లు ఒక్కరొక్కరే దిగి దగ్గరికొచ్చారు.

"మళ్ళ కట్టుండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు తగ్గించి.

కట్టింది. వెలిగాయి.

"తీయుండ్రి."

తీసింది. ఆరిపోయాయి.

"ఇంకోసారి."

ఇలా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. వెనక బారు మైదానం గేటు దాటింది. చప్పట్లు మొదలయ్యాయి. ఒక ఆటో డ్రైవరు జనాన్ని తోసుకుని వచ్చాడు.

"అమ్మా, నా బండికి బ్రేకులు పడ్తలెవ్వు. దానికేం కడ్తరు?"

"నీకు కొబ్బరికాయ," అంది సత్తెమ్మ తడుముకోకుండా.

రాజనర్సయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన ఇన్‌స్పెక్టర్ చేతిలోని పెన్ను వైపే చూస్తున్నాడు. దండ ఉంటే నంబరు ప్లేటు కనపడదు, దండ తీస్తే లైట్లు వెలగవు. ఎటు చూసినా ప్లాస్టిక్ కుర్చీయే.

"సార్," అన్నాడు మెల్లగా, "జర పక్కకు కడ్తం సార్. ప్లేటుకు అడ్డం రాకుండ."

ఇన్‌స్పెక్టర్‌కు కూడా ఆ మాట నచ్చింది. సత్తెమ్మ దండను పక్కకు జరిపి బంపరు కొసకు కట్టింది. వెలగలేదు. అద్దానికి కట్టింది. వెలగలేదు. గుమ్మడికాయను బానెట్ మీద కూర్చోబెట్టి ఒక నిమిషం చూసింది. అది ఊరికే కూర్చుంది.

"అక్కడ పంజెయ్యది సారూ," అంది సత్తెమ్మ. "గీ మొలకే కట్టాలె. బండి కొన్నప్పటి సంది గీ మొలకే కడ్తున్న."

"ఏ మొల?"

"గీడున్నది గదా. చిన్నది."

ఇన్‌స్పెక్టర్ తల గీరుకున్నాడు. "బండికి ముందర మొల ఎందుకుంటదమ్మా?"

అంతమంది జనంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు రాజనర్సయ్య ఒక్కడే.

"నిమ్మకాయలకే సార్. కంపెనోళ్ళే పెట్టిచ్చిండ్రు గదా."

ఆయన అబద్ధం చెప్పలేదు. బండి కొన్ననాటినుంచీ నిజంగా అలాగే నమ్మాడు. ఎక్కడో దూరదేశంలో బండి తయారుచేసినవాడు అన్నీ బిగించి, చివరగా, పాపం రేపు సత్తెమ్మ నిమ్మకాయ ఎక్కడ కడుతుందని ఆలోచించి ఒక మొల దిగ్గొట్టాడని. మనసులో వాడికి ప్రతి శనివారం దణ్ణం కూడా పెట్టేవాడట.

కనకయ్య ఒక్క కేక పెట్టాడు. దండ ఇప్పుడు సత్తెమ్మ చేతిలో ఉంది కనుక ధైర్యంగా బంపరు కింద దూరాడు. బయటికి వచ్చేటప్పటికి ఆయన ముఖం వంకాయ రంగులో ఉంది.

"అన్నా, గది మొల గాదే. ఎర్త్ బోల్టు!"

వినేవాళ్ళలో సగంమందికి అర్థమైంది, మిగతా సగానికి సిస్టర్ ఫిలొమినా శిష్యుడిగా నేను చెప్పాను. బ్యాటరీనుంచి దీపానికి కరెంటు ఒక తీగలో వస్తుంది. తిరిగి వెళ్ళడానికి రెండో తీగ బండి ఇనుప ఒంటికి బిగించి ఉంటుంది. రుద్రమ్మ రెండు కళ్ళ తీగలూ కలిసి ఆ ఒక్క బోల్టుకే బిగించి ఉన్నాయి. వారం వారం సత్తెమ్మ తీగ మెలేసి విప్పుతుంటే నట్టు వదులైంది. నిమ్మరసం కారి కారి తుప్పు పట్టింది. కొత్త దండ బరువుకు ఇనుప తీగ కిందికి లాగితే దారి కలిసేది. నిమ్మకాయలు ఎండి తేలికైతే తెగిపోయేది. తెగిందని ఆమె ఇంకా పెద్ద దండ కట్టేది. ఇంకా రసం కారేది. చుట్టం తిరిగి వెళ్ళే దారి తెగిందని మొదటే చెప్పానని నేను అందరికీ గుర్తుచేశాను. స్విచ్చు సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

"అంటే జబ్బూ ఇదే, మందూ ఇదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మడికాయ వైపు చూస్తూ. వెంటనే తన ఉద్యోగం గుర్తొచ్చి గడియారం చూసుకున్నాడు. "ఎనకున్న ఇంకో స్కూలు బస్సు జూసి వస్త. గంతల వెలిగితే పాస్. లేకుంటే ఫెయిల్ రాస్త. ఇగ నా చేతుల లేదు."

కనకయ్య పానా తీసి బోల్టు బిగించాడు. లైట్లు వెలగలేదు. నట్టు విప్పి చూస్తే, తీగ చివరనున్న రాగి వలయం ఆకుపచ్చగా, పాచి పట్టిన కప్పలాగా ఉంది. గరుకు కాగితంతో రుద్దాలన్నాడు. ఆ కాగితం పంజాగుట్టలో మెట్ల కింద ఉంది.

"నా దగ్గర పేనా కత్తి ఉంది," అన్నాను. అది ఇంట్లో ఉందని అప్పుడే గుర్తొచ్చింది.

రాజనర్సయ్య నేలమీద కూర్చుండిపోయాడు. స్కూలు బస్సు లైట్లు చక్కగా వెలుగుతున్నాయి. దాని వైపర్లు కూడా ఊగుతున్నాయి. ఇక దానికి బ్రేకు ఒక్కటే మిగిలింది.

"గిట్ల జరుగుండ్రి," అంది సత్తెమ్మ.

ఆమె దండలోంచి ఒక నిమ్మకాయ తెంపి, పళ్ళతో కొరికి రెండు చేసింది. మజ్జిగలోకి తెచ్చుకున్న ఉప్పు పొట్లం విప్పింది. ఉప్పులో నిమ్మచెక్క అద్ది, ఆ రాగి వలయాన్ని పట్టుకుని, శుక్రవారం పొద్దున దేవుడి దీపపు కుంది తోమినట్టు తోమడం మొదలుపెట్టింది. పచ్చ పోయింది. నలుపు పోయింది. లోపలినుంచి ఎర్రటి రాగి బయటికొచ్చి తళుక్కుమంది. కొంగుతో తుడిచి, ఊది, కనకయ్య చేతికిచ్చింది.

"ఇగ బిగియ్యి. గట్టిగ."

కనకయ్య బోల్టును కూడా గీకి, తుడిచి, పానా మీద వేలాడినంత పని చేసి బిగించాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి రాజనర్సయ్య స్విచ్చు మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఎయ్యుండ్రి."

వేశాడు. కింద ఒక్క నిమ్మకాయ కూడా లేకుండా, ఒట్టి బంపరు పైన, రుద్రమ్మ రెండు కళ్ళూ తెరిచింది.

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. బంపరును చేత్తో ఊపాడు. లైట్లు ఆరలేదు. కాలితో తన్నాడు. ఆరలేదు. రాజనర్సయ్య క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి, "ఇంకా గట్టిగ తన్నుండ్రి సార్! సిగ్గుపడకుండ్రి!" అని బతిమాలాడు. ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ చొక్కాతో బంపరు ఎక్కి రెండుసార్లు గెంతాడు. అవి కన్నార్పలేదు. దిగి, పెన్ను తీసి, పాస్ అని రాశాడు. వెళ్ళబోతూ సత్తెమ్మ దగ్గర ఆగి, ఎవరూ వినకుండా ఏదో అడిగాడు. ఆమె సంచిలోంచి ఒక నిమ్మకాయ, కొన్ని మిరపకాయలు తీసి ఆయన జేబులో వేసింది.

తిరుగు ప్రయాణంలో క్యాబిన్‌లో రగడ మొదలైంది. గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని నేను వెనక కిటికీలోంచి వింటున్నాను.

"వదినె, దీపాలను చెడగొట్టింది నీ నిమ్మకాయనే," అన్నాడు కనకయ్య.

"బాగుజేసింది ఎవరు? నీ పానానా?"

"నిమ్మకాయ లేకుంటే అసలు చెడకపోవునే!"

"నిమ్మకాయ లేకుంటే గీ పొద్దు ఫెయిల్ గాకపోవునా?"

కనకయ్య ఆలోచనలో పడ్డాడు. ఇప్పటికీ పడే ఉన్నాడు.

రాజనర్సయ్యకు ఈ గొడవ వినపడలేదు. నడినెత్తిన ఎండ. ఆయన హెడ్‌లైట్లు ఆర్పలేదు. ఎర్రగడ్డ దగ్గర మొదటి స్కూటరువాడు ఎదురొచ్చి పిడికిలి మూసి తెరిచాడు. రాజనర్సయ్య కిటికీలోంచి సగం బయటికి వంగి, తనకు తెలుసని, "ఎర్కే!" అని అరిచాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఇద్దరు, ఒకడు బస్సులోంచి. "ఎర్కే భాయ్, ఎర్కే!" అమీర్‌పేటలో రోడ్డు దాటుతున్న హాస్టల్ పిల్లలు పది చేతులతో సైగ చేశారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబిచ్చాడు. మధ్యలో దినేశ్ ఫోన్ చేసి ఏమైందని అడిగితే, "నీ కుర్చీల నువ్వే కూసో బిడ్డా," అని పెట్టేశాడు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా పిడికిలి ఆడించాడు. రాజనర్సయ్య ఆనందం పట్టలేక లైట్లు ఇంకా పెంచాడు. కానిస్టేబుల్ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అతని నీడ వెళ్ళి ఫ్లైఓవర్ స్తంభానికి అంటుకుపోయింది. ఇప్పటికీ అక్కడ ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి.

"చాలు తియ్యయ్యా," అంది సత్తెమ్మ. "ఇంతమంది జూస్తుండ్రు. మళ్ళ దిష్టి తాకుతది."

బండి కనకయ్య దుకాణం ముందు ఆగింది. ఆయన దిగబోతుంటే సత్తెమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"కనకయ్యా, పోకు. గీ బండికి ముందర మంచి మొల ఒకటి కొట్టు. ఉత్తది. దేనికీ పనికిరానిది."